కట్టకమునుపు కూర్చుండి లెక్క చూచుట

వాక్యభాగము: లూకా 14:25–33, నిర్గమకాండము 38:21–31



ఈ నెల పాఠమునకు మనము తీసికొనిన వాక్యభాగము గోపురము కట్టగోరినవానిని గూర్చినది. ప్రభువు ఈ ఉపమానము చెప్పినప్పుడు బహు జనసమూహములు ఆయన వెంట నడచుచుండెను. వెంబడించువారు ఎక్కువైరని ఆయన సంతోషించి ఊరకుండలేదు. వారివైపు తిరిగి, తనతో వచ్చుటకు ఎంత ఖర్చగునో ఆలోచించుకొనుడని హెచ్చరించెను. కనుక ఇది మొదట శిష్యత్వమును గూర్చిన మాట. ఇటుకలను గూర్చిన మాట కాదు. దీనిని మరచి మాటలాడిన యెడల వాక్యమునకు అన్యాయము చేసినవారమగుదుము. అయినను ప్రభువు వడ్రంగి ఇంట పెరిగినవాడు. పునాది వేసి ఆగిపోయిన కట్టడము ఎట్లుండునో, దారిని పోవువారు దానిని చూచి ఏమందురో ఆయనకు తెలియును. వినువారికిని తెలియును. అందుచేతనే ఆ పోలిక వారి హృదయములలో నాటుకొనెను.

మన గ్రామములలో అట్టి కట్టడములు లేవా? పిల్లర్లు లేచియుండును, వాటి కొనలందు ఇనుప ఊచలు తుప్పుపట్టి ఆకాశమువైపు నిలిచియుండును. ప్రక్కనే రేకుల పందిరిలో ఆరాధన జరుగుచుండును. శంకుస్థాపన రాతిమీద పేర్లు మాసిపోయియుండును. మేస్త్రీకి కొంత బాకీ, ఇటుకల బట్టీవానికి కొంత బాకీ. సంఘపెద్ద తన పేర వడ్డీకి తెచ్చిన సొమ్ము వేరే. ఊరివారు నవ్వుట ఒక సంగతి. సంఘములోనే ఒకరినొకరు అనుమానించుకొని, "ఆ డబ్బు ఏమైనది?" అని చాటున చెప్పుకొనుట అంతకంటె బాధకరము. అట్టి చోట్ల కాపరి మారును, కమిటీ మారును, గాని ఆ గోడ మాత్రము మారదు.

"విశ్వాసముతో మొదలుపెట్టుదము, దేవుడే ముగించును" అని చెప్పువారు కలరు. వారి విశ్వాసమును మేము తక్కువగా ఎంచము. అయితే లెక్క చూచుకొనుమని చెప్పినవాడు ప్రభువే గదా! లెక్క చూచుకొనుటను అవిశ్వాసమనుట ఆయన మాటకు ఎదురాడుట అగును.

పట్టణమునుండి ఒక సంగతి చూతము. మన సంఘములలో అనేకులు రోగులను తీసికొని హైదరాబాదులోని పంజాగుట్టకు, నిమ్స్ ఆసుపత్రికి వెళ్లినవారే. పిల్లలను చదువులకు, కోచింగుకు అమీర్‌పేటలో దింపి వచ్చినవారు మరికొందరు. ఆ రెండు పేటల నడుమ రోడ్డుమీద వరుసగా నిలిచిన సిమెంటు స్తంభములను, వాటిమీద పోవు మెట్రో రైలును మీరు చూచియుందురు. అమీర్‌పేట స్టేషనులో రెండు మార్గములు ఒకదానిమీద ఒకటి దాటును. అంత పెద్ద కట్టడములో మన చిన్న మందిరమునకు నేర్చుకొనవలసినది ఏమున్నదని అనుకొనవద్దు. లెక్క చూచుట అక్కడను ఇక్కడను ఒకటే.

2008లో ఆ రైలు కట్టుటకు మొదట ముందుకు వచ్చిన కంపెనీ ప్రభుత్వమును ఒక రూపాయయినను అడుగలేదు సరికదా, తానే 35 ఏండ్లలో 30,311 కోట్ల రూపాయలు ప్రభుత్వమునకు చెల్లింతుననెను. వినినవారు ఆశ్చర్యపడిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో ఒప్పందము జరిగెను. పని మొదలుపెట్టుటకు కావలసిన పెట్టుబడి మాత్రము ఆ కంపెనీకి పుట్టలేదు. 2009 జులైలో ప్రభుత్వము ఆ ఒప్పందమును రద్దుచేసెను. మరల టెండరు పిలిచి 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టి వారితో క్రొత్త ఒప్పందము చేసికొనిరి. వీరు తాము ఇత్తుమనలేదు; తమకే 1,458 కోట్ల సహాయము కావలెననిరి. వినుటకు మొదటి మాట తియ్యగా నున్నది, రెండవ మాట చేదుగా నున్నది. కట్టబడినది రెండవ మాటమీద. 2017 నవంబరు 28న మియాపూరునుండి అమీర్‌పేట మీదుగా నాగోలువరకు రైలు ప్రారంభమాయెను. అమీర్‌పేటనుండి పంజాగుట్ట మీదుగా ఎల్.బి. నగరువరకు 2018 సెప్టెంబరు 24న నడిచెను. ఆ మొదటి దశలో కట్టబడిన మార్గములలో చివరి ముక్క 2020 ఫిబ్రవరిలో తెరవబడెను. భూమి చేతికి వచ్చుటలో ఆలస్యము, దారి మార్చవలెనను వాదములు, ఇవన్నియు కాలమును తినివేసెను. కట్టడములో కాలమనగా డబ్బే, వడ్డీ నిద్రపోదు.

అంతటితో కథ ముగియలేదు. కట్టిన తరువాత నడుపుటలో నష్టములు వచ్చినవి. 2025 సెప్టెంబరులో సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా ఆ ప్రాజెక్టును తెలంగాణ ప్రభుత్వమే తీసికొనుటకు సూత్రప్రాయముగా అంగీకారము కుదిరెను. కట్టుటకగు ఖర్చు ఒకటి, కట్టినదానిని నిలుపుకొనుటకగు ఖర్చు మరియొకటి. మన మందిరమునకును కరెంటు బిల్లు, సున్నము, పైకప్పు మరమ్మతు ఉన్నవి.

పంజాగుట్టలోనే మరి రెండు సంగతులు జరిగినవి. 2007 సెప్టెంబరు 9న అక్కడ కట్టుచుండిన ఫ్లైఓవరులో ఒక భాగము రోడ్డుమీద కూలెను, ప్రాణములు పోయెను. కట్టడము పూర్తియైన తరువాతనే గాక, కట్టుచుండగానే తన క్రింద నడచువారికి అపాయము కాగలదని ఆ దినమున పట్టణమంతటికి తెలిసెను. ఇక పంజాగుట్టకు ఆనుకొనియున్న ఎర్రమంజిల్‌లో పాత నవాబు భవనమున్నది. దానిని తీసివేసి ఆ స్థలములో క్రొత్త శాసనసభా భవనము కట్టుటకు 2019 జూన్ 27న శంకుస్థాపన చేసిరి. కొందరు హైకోర్టుకు వెళ్లిరి. ఆ సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసెను. ఏ పక్షము మంచిదని చెప్పుట మా పని కాదు. రాయి వేయుట సులభము, దానిమీద కట్టుటకు హక్కు స్థిరపరచుకొనుట వేరొక పని అని మాత్రము చెప్పుచున్నాము. మన సంఘములలో స్థలము ఎవరి పేరనున్నది? దానమిచ్చిన సహోదరుడు కాగితము వ్రాసి రిజిస్ట్రీ చేయించెనా, లేక నోటిమాటతో ఇచ్చెనా? అతని కుమారులు ఒప్పుకొందురా? పంచాయతి అనుమతి వచ్చెనా? ఈ ప్రశ్నలకు జవాబు లేక ఇటుకలు లెక్కించుట వ్యర్థము.

ఇప్పుడు వాక్యభాగములోని రెండవ పాఠమునకు వత్తము. నిర్గమకాండము 38వ అధ్యాయపు చివరి భాగమును మనము సామాన్యముగా త్వరత్వరగా చదివి దాటిపోవుదుము. సంఖ్యలు మాత్రమే ఉన్నవని. ఆ సంఖ్యలనే నిదానముగా చూడుడి. మోషే ఆజ్ఞచొప్పున యాజకుడైన అహరోను కుమారుడగు ఈతామారు మందిరపు పదార్థముల మొత్తమును లెక్క వ్రాయించెను. లెక్కింపబడిన పురుషులు 6,03,550 మంది. ఒక్కొక్కడు అరతులము వెండి ఇచ్చెను. మీ పిల్లలచేత గుణింపజేయుడి: 3,01,775 తులములు వచ్చును. ఆ కాలపు మణుగు 3,000 తులములు. అనగా నూరు మణుగులు, పైన 1,775 తులములు. ఆ నూరు మణుగులతో నూరు దిమ్మలు పోయించిరి, దిమ్మకు ఒక మణుగు. మిగిలిన 1,775 తులములు స్తంభముల వంకులకును బోదెల పైపూతకును పెండెబద్దలకును వెళ్లెను. వచ్చినది ఇంత, దేనికి వెళ్లినది ఇంత. ఒక్క తులము దారి తప్పలేదు. అరణ్యములో గుడారములలో నున్నవారు, దేవుని మహిమను మేఘములో చూచినవారు, ఈ లెక్క వ్రాసిపెట్టిరి. దేవుని సన్నిధి దగ్గరగా నున్నందున లెక్క అక్కరలేదని వారు అనుకొనలేదు.

సరే, మన గ్రామములో ఒక ప్రార్థనా మందిరము కట్టవలెననుకొందము. వెలుపలి కొలత 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. గోడలు 9 అంగుళముల మందము, 11 అడుగుల ఎత్తు. ఇంజనీరు ఇచ్చిన ప్లాను లేక ఎన్నడును మొదలుపెట్టవద్దు. బీములు, పిల్లర్లు, పునాది లోతు అతడే నిర్ణయింపవలెను. అయినను సామానుల లెక్క పెద్దలకు స్వయముగా తెలిసియుండుట మంచిది. తెలిసినచోట మోసము తగ్గును, అనుమానమును తగ్గును.

గోడల పొడవు కలుపునప్పుడు మూలలను రెండుమారులు లెక్కింపకూడదు. అందుచేత గోడ మధ్యగీతను పట్టి కొలుతురు. రెండు పొడవులు, రెండు వెడల్పులు కలిపి 120 అడుగులు. నాలుగు మూలలకు ముప్పావు అడుగు చొప్పున మూడడుగులు తీసివేయగా 117. దీనిని ముప్పావు అడుగు మందముతోను 11 అడుగుల ఎత్తుతోను గుణించిన 965 ఘనపుటడుగులు. ఇందులో రెండు తలుపులు, నాలుగడుగులు ఏడడుగులవి. ఆరు కిటికీలు, నాలుగడుగులు నాలుగడుగులవి. అవి మొత్తము 152 చదరపు అడుగులు. గోడ మందముతో 114 ఘనపుటడుగులు. తీసివేయగా గోడ 851 ఘనపుటడుగులు నిలుచును. సున్నముతో గాని సిమెంటుతో గాని కలిపి 9, 4½, 3 అంగుళముల స్థలము పట్టు ఇటుకయైనచో, 100 ఘనపుటడుగుల గోడకు సుమారు 1,420 ఇటుకలు కావలెను. మన గోడకు దాదాపు 12,100. విరిగినవాటికి నూటికి ఐదు చేర్చుడి; 12,700 అనుకొనవచ్చును. పునాదియు బేసుమెంటును ఇట్లే వేరుగా లెక్కకట్టవలెను.

అయితే బట్టీ బట్టీకి ఇటుక కొలత మారును. చిన్న ఇటుక చవకయని సంతోషించి కొనిన సంఘము, గోడ సగములో నుండగానే మరల బట్టీకి పరుగెత్తును. వెయ్యికి ఎంతయని అడుగుట చాలదు. మేము చెప్పు ఉపాయమిది: మేస్త్రీని పిలిచి, ఆ ఇటుకతోనే మూడడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు, 9 అంగుళముల గోడ కట్టించి, పట్టిన ఇటుకలను ఎంచుడి. ఆ తునకలో ఆరుముప్పావు ఘనపుటడుగులున్నవి. పుస్తకములో వ్రాసిన సంఖ్యకంటె ఆ తునక చెప్పు సంఖ్య నమ్మదగినది.

ఒకపాలు సిమెంటు, ఆరుపాళ్లు ఇసుకగా కలిపినయెడల, 100 ఘనపుటడుగుల ఇటుక గోడకు సుమారు నాలుగున్నర బస్తాల సిమెంటును 35 ఘనపుటడుగుల ఇసుకయు పట్టును. మన 851కి దాదాపు 38 బస్తాలు, 300 ఘనపుటడుగుల ఇసుక. పూతకు వేరు. గోడ లోపలను వెలుపలను ఉన్న వైశాల్యమును కొలిచి దానిని చేర్చుకొనవలెను. అనేకులు దీనిని మరతురు.

స్లాబు సంగతి. 40ని 20తో గుణించిన 800 చదరపు అడుగులు. ఐదంగుళముల మందమైన 333 ఘనపుటడుగులు, అనగా దాదాపు తొమ్మిదిన్నర ఘనపు మీటర్లు. ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్ల కాంక్రీటుకు ఘనపు మీటరుకు ఎనిమిది బస్తాల సిమెంటు పట్టును. కనుక 76 బస్తాలు. ఇసుక 140, కంకర 280 ఘనపుటడుగులు. తడిసి కుదురుకొనిన కాంక్రీటు పొడి సామానుకంటె తక్కువ స్థలము పట్టును. అందుచేతనే ఇసుకయు కంకరయు సిమెంటును కలిపిన మొత్తము స్లాబు ఘనముకంటె ఎక్కువ కనబడుచున్నది. లెక్క తప్పినదని భయపడవద్దు. ఇంత వెడల్పునకు బీములు తప్పనిసరి. వాటి సామాను దీనికి చేరును. ఇనుము స్లాబుకు ఘనపు మీటరుకు 80 కిలోలని తాత్కాలికముగా వేసికొనినచో మూడు వంతుల టన్ను వచ్చును. ఇది డబ్బు కూడబెట్టుటకు మాత్రమే. కొనుటకు ఇంజనీరు వ్రాసి ఇచ్చిన ఊచల పట్టికయే ఆధారము. మేస్త్రీ ఎంత అనుభవము గలవాడైనను, అతని అంచనాతో స్లాబు ఇనుమును తగ్గింపకూడదు.

ఇనుము విషయములో ఒక సూత్రము ప్రతి సంఘపెద్దకును నోటికి రావలెను. ఊచ మందమును మిల్లీమీటర్లలో తీసికొని, దానిని దానితోనే గుణించి, 162తో భాగించినయెడల, ఒక మీటరు ఊచ ఎన్ని కిలోలుండవలెనో వచ్చును. పది మిల్లీమీటర్ల ఊచ మీటరుకు 617 గ్రాములు. ఊచలు సామాన్యముగా 12 మీటర్ల పొడవున వచ్చును గనుక ఒక్కొక్కటి దాదాపు ఏడు కిలోల నాలుగువందల గ్రాములు. ఎనిమిది మిల్లీమీటర్లది నాలుగు కిలోల ఏడువందల పైచిలుకు. పన్నెండుది పది కిలోల ఏడువందలకు కొంచెము తక్కువ. ఊచలను ఎంచి గుణించి చూచిన యెడల దుకాణపు కాటా నిజము చెప్పుచున్నదో లేదో తెలియును. సంచిలో పెద్దదియు చిన్నదియు రెండు విధములైన తూనికరాళ్లు ఉంచుకొనరాదని ద్వితీయోపదేశకాండము 25లో ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ ఇయ్యబడెను. అమ్మువానికి అది ఆజ్ఞ. కొనువాడు కన్నులు మూసికొని పడియుండవలెనని ఎక్కడను వ్రాయబడలేదు.

ఇసుకను గూర్చి కొంచెము ఎక్కువ చెప్పవలసియున్నది. గ్రామములలో ఎక్కువ నష్టము ఇక్కడనే జరుగుచున్నది. ట్రాక్టరు లెక్కన కొందురు. ట్రక్కు ఎంత పట్టునో ఎవరును కొలువరు. పొడవు, వెడల్పు, ఇసుక నిలిచిన ఎత్తు అడుగులలో కొలిచి గుణించుట రెండు నిమిషముల పని. ఇంకొక మర్మమున్నది. కొంచెము చెమ్మగా నున్న ఇసుక పొంగును. పొడి ఇసుకకంటె నూటికి ఇరువది ముప్పది వంతులు ఎక్కువ స్థలము ఆక్రమించును. పూర్తిగా నీటిలో మునిగినప్పుడు మరల కుంగును. ఒక గాజు సీసాలో చెమ్మ ఇసుకను సగమునకుపైగా పోసి, గుర్తుపెట్టి, నీళ్లుపోసి కలియబెట్టి, తేరిన తరువాత చూడుడి. ఎంత దిగెనో అంత గాలికి డబ్బు ఇచ్చితిరన్నమాట. సండే స్కూలు పిల్లలకు చేసి చూపించినను వారికి సంతోషమే.

ధరలను ఇక్కడ మేము వేయలేదు. వేసినను మీ చేతికి పత్రిక వచ్చునప్పటికి మారియుండును. సామాను పేరు, పరిమాణము, ధర, మొత్తము అని నాలుగు వరుసలు గీసి, ధర గడిని పెన్సిలుతో వ్రాయుడి. మూడు దుకాణములలో అడుగుడి. అడుగునప్పుడు దుకాణము వద్ద ధరను కాక, మన స్థలములో దింపిన తరువాత ధరను అడుగుడి. పన్ను కలిసియున్నదో లేదో అడుగుడి. 2017 జులైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు సిమెంటుమీద పన్ను నూటికి 28. 2025 సెప్టెంబరు 22నుండి అది 18కి తగ్గెను. అంతకుమునుపు వ్రాసిన ఎస్టిమేటు మీ పెట్టెలో నున్నయెడల దానిని దిద్దవలెను. ఆంధ్రప్రదేశ్‌లో 2024నుండి ఇసుక ఉచితమని ప్రభుత్వ విధానము; అయినను త్రవ్వుటకును ఎత్తుటకును తెచ్చుటకును ఖర్చు కలదు. మెట్రో కట్టినవారు దారికి కావలసిన పెద్ద సిమెంటు దిమ్మలను ఉప్పల్‌లోను కుత్బుల్లాపూర్‌లోను ప్రత్యేక యార్డులలో పోసి తెచ్చి అమర్చిరి. తెచ్చు ఖర్చు వారి లెక్కలో ఉన్నది. మన లెక్కలోను ఉండవలెను; వాగు దాటి రావలసిన ఊళ్లకు మరింత.

సామాను స్థూలముగా మూడింట రెండు వంతులు, కూలి మూడింట ఒక వంతు అని చెప్పుదురు. సెంట్రింగు అద్దె, నీరు, కరెంటు కనెక్షను, తలుపులు, కిటికీలు, నేలబండలు, రంగు, ఇంజనీరు ఫీజు, పంచాయతి రుసుము వేరువేరుగా వ్రాయుడి. సెంట్రింగును తొందరపడి విప్పించి అద్దె మిగుల్చుకొనవలెనను ఆలోచన రానీయకుడి. క్రింద పనిచేయువారు మన సహోదరులు. తరువాత దాని నీడలో కూర్చుండువారు మన తల్లులు, బిడ్డలు. అన్నిటికిని పైన అనుకొనని ఖర్చులకు నూటికి పది చేర్చుడి. ప్రభుత్వ ఇంజనీర్ల ఎస్టిమేటులలోను అట్టి పద్దు ఉండును. వారికంటె మనము జ్ఞానులము కాము.

ఇక డబ్బు. వాగ్దానము చేసిన చందా వేరు, చేతికి వచ్చిన చందా వేరు. మందిరపు పుస్తకములో వీటికి రెండు వరుసలుండవలెను. పట్టణములో ఉద్యోగమున్న మన ఊరి అబ్బాయి లక్ష ఇత్తుననెను, విదేశములోనున్న అమ్మాయి సిమెంటు అంతయు నాదే అనెను. దేవుడు వారిని దీవించును గాక. అయినను ఆ సొమ్ము రాకమునుపు దానిమీద ఇటుక పెట్టకుడి. పత్తి పంట మంచిగా వచ్చిన యెడల ఇచ్చెదనన్న రైతు మనసు మంచిదే, గాని వాన మన చేతిలో లేదు. స్త్రీల సమాజమువారు ప్రతిదినము తీసిపెట్టు పిడికెడు బియ్యము మాత్రము వారము వారము నిజముగా వచ్చును. దానిని మేము చిన్నదిగా ఎంచము.

చేతిలోనున్నది మొత్తమునకు చాలనప్పుడు ఏమి చేయవలెను? అప్పు చేయుటకంటె పనిని భాగములుగా విభజించుట మేలని మా అభిప్రాయము. పునాదియు బేసుమెంటును ఒక భాగము. గోడలును రేకుల కప్పును రెండవ భాగము. ప్రతి భాగము ముగిసినప్పుడు అక్కడ కూర్చుండి ఆరాధించుటకు వీలుండవలెను. స్లాబు వేయుదుమను తలంపుంటే, దానికి తగిన పిల్లర్లనే మొదట ఇంజనీరుచేత లెక్కకట్టించి, తాత్కాలికముగా రేకులు వేసికొనవచ్చును. మన మెదకు దేవాలయమును చూడుడి. 1914లో మొదలుపెట్టి పదియేండ్లు కట్టి 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠించిరి. కరవు దినములలో ఆ పని కూలివారికి అన్నము పెట్టెను. పదియేండ్లు పట్టినదని నేడు దానిని నిందించువాడు ఎవడును లేడు.

కూలిని గూర్చి ఒక మాట. కూలి చెల్లింపక మందిరము కట్టుకొనువానికి యిర్మీయా 22:13 భయంకరమైన వాక్యము. యాకోబు పత్రిక అయిదవ అధ్యాయములో బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది. "దేవుని పని గదా, కొంచెము తగ్గించుకొనుము" అని మేస్త్రీని ఒత్తిడిపెట్టుట మన వాడుకలో నున్నది. అతడు తనంతట తాను తగ్గించిన యెడల అది అతని కానుక. దానిని కానుకల పుస్తకములో అతని పేర వ్రాయుడి. మనము బలవంతముగా తగ్గించినది కానుక కాదు. శనివారము సాయంకాలము కూలి ఇయ్యక, ఆదివారము ఉదయము అతనిని మన ప్రక్కన కూర్చుండబెట్టుకొని పాట పాడించుట ఎట్లు?

యోవాషు రాజు దినములలో మందిరము శిథిలమై, డబ్బు వచ్చుచున్నను చాలకాలము బాగుచేయబడలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జము చేసి, బలిపీఠము దగ్గర పెట్టెను. పెట్టెలో డబ్బు నిండినప్పుడు రాజు ప్రధాన లేఖికుడును ప్రధానయాజకుడును ఇద్దరును వచ్చి లెక్కించిరి (2 రాజులు 12). ఒక్కరు కాదు, ఇద్దరు. డబ్బు వడ్రంగులకును కట్టువారికిని రాయి మలచువారికిని, మ్రానులకును రాళ్లకును వెళ్లెను. పౌలు కూడ యెరూషలేము పరిశుద్ధుల చందాను ఒంటరిగా మోసికొనిపోలేదు; ఎవరును తప్పుపట్టకుండునట్లు సంఘములు ఏర్పరచిన సహోదరులను వెంటబెట్టుకొనెను (2 కొరింథీయులకు 8:18–21). పౌలునే అనుమానింతురా? అనుమానింపరని ఆయన అనుకొనలేదు. అనుమానమునకు చోటే లేకుండ చేసెను.

కనుక కోశాధికారి ఒక్కని చేతిలోనే రశీదులు ఉండకూడదు. నెలకొకసారి ఆరాధన ముగిసిన తరువాత, ఎస్టిమేటులో ఇంత అనుకొంటిమి, ఇంత అయినది, చేతిలో ఇంత మిగిలినది, ఇయ్యవలసినది ఇంత అని నాలుగు సంఖ్యలు బిగ్గరగా చదువుడి. చదువురాని ముసలి తల్లికిని అర్థమగునట్లు చదువుడి. ఆమె రెండు గాజులు అమ్మి ఇచ్చియుండవచ్చును. ఎస్టిమేటుకంటె ఎక్కువైన చోట కారణము చెప్పుడి. తక్కువైన చోటను చెప్పుడి.

అరణ్యములో జనులు కావలసినదానికంటె ఎక్కువ తెచ్చుచున్నారని పనివారు వచ్చి చెప్పగా, ఇక తేవద్దని మోషే పాళెమంతట చాటింపించెను (నిర్గమకాండము 36:5–7). ఎంత కావలెనో ముందుగా తెలిసియుండకపోయినయెడల, చాలినదని ఆ పనివారికి ఎట్లు తెలిసియుండును? మన పనిలోను మిగిలిన సిమెంటు బస్తాలు ఎన్ని, ఊచల ముక్కలు ఎన్ని కిలోలు, ఇటుకలు ఎన్ని అని ఎంచి వ్రాసి, అమ్మిన సొమ్మును అదే పుస్తకములో చివరి పుటలో జమకట్టుడి. సిమెంటు మూడు నెలలు దాటితే బలము తగ్గును గనుక దానిని మొదట అమ్ముడి, లేదా ప్రక్క ఊరిలో కట్టుచున్న సంఘమునకు పంపుడి.